క్యావన్ వెళ్ళే రోడ్డు

సెకాయికి పన్ను నొప్పి మొదలై రెండు మూడు రోజులైంది. ఆ రోజు పొద్దున దవడ బాగా ఉబ్బిపోయి, చేతిలో కత్తి ఉండగానే, పుట్టగొడుగుల అరల మధ్య నేలమీద కూర్చుండిపోయింది. మా షెడ్డులో కూర్చోవడానికి వీల్లేదు. కింద తడి, పైన చలి, పక్కనుంచి ట్రాలీలు. సూపర్‌వైజర్ డింప్నా వచ్చి నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

"ఏమ్మా, నువ్వు కూడా ఇక్కడే మొలుద్దామనుకున్నావా?"

సెకాయి నవ్వబోయి దవడ పట్టుకుంది.

"ఏదీ, నోరు తెరువు." డింప్నా ఫోన్ లైటు వేసి లోపలికి చూసింది. "అయ్యో దేవుడా! డాక్టరుకి చూపించలేదా?"

"మోనహన్‌లో కొత్తవాళ్ళని చూడం అంటున్నారు, మాయ్ కాహల్. క్యావన్‌లో ఒకాయన మాకిచ్చిన వైద్యం కార్డు మీద చూస్తాడట. రేపు మధ్యాహ్నం రమ్మన్నాడు. బస్సు కుదరట్లేదు, మానేద్దామనుకుంటున్నా."

"బస్సెందుకు? నా కారు చచ్చిపోయిందా? నేను తీసుకెళ్తా."

డింప్నా కొడుకు పేరు కాహల్. తనకంటే ఇరవై ఏళ్ళు పెద్దదాన్ని పేరు పెట్టి పిలవడానికి సెకాయికి నోరు రాలేదు. వాళ్ళ జింబాబ్వేలో పిలిచినట్టే 'మాయ్ కాహల్', అంటే కాహల్ వాళ్ళమ్మ అని పిలిచేది. డింప్నా మొదట్లో "నా పేరేమైనా బూతా?" అని వెక్కిరించింది గానీ, ఎవరైనా కొత్తమ్మాయి ఉత్త 'డింప్నా' అని పిలిస్తే సెకాయి వైపు చూసి కనుబొమలెగరేసేది. ఆస్ట్రేలియాలో ఉన్న కాహల్ ఫోన్ చేసినప్పుడు కూడా సెకాయి సంగతులే చెప్పేదట.

సెకాయి అక్కడ బడిపంతులమ్మ. ఎన్నికల్లో ఓట్లు లెక్కపెట్టే పని టీచర్లకే వేస్తారు. అధికార పార్టీ వాళ్ళు తాము చెప్పిన అంకె రాయమంటే ఆమె రాయలేదు. ఆ తర్వాత ఆమె భర్తని ఇంటి ముందునుంచే తీసుకుపోయారు. ఆయన మళ్ళీ కనబడలేదు. కూతురు వింబాయిని తీసుకుని ఆమె ఇక్కడికొచ్చి, ఆశ్రయం ఇమ్మని దరఖాస్తు పెట్టుకుంది. మోనహన్‌లో అలాంటివాళ్ళని ఉంచే కేంద్రంలో తల్లీకూతుళ్ళకి ఒక గది ఇచ్చారు. పని చేసుకోవడానికి అనుమతి వచ్చాక మా షెడ్డులో చేరింది. మెలకువ వచ్చిన దగ్గర్నుంచి నిద్రపోయేదాకా ఆమె ఎదురుచూసింది ఒక్కదాని కోసమే, డబ్లిన్‌లో ఇంటర్వ్యూ. ఆ పిలుపు ఆ నెలలోనే వచ్చింది. పన్ను సంగతి ఇంటర్వ్యూకి ముందే తేల్చుకోవాలనుకుంది. "అంత దూరం వచ్చి అక్కడ నోరు తెరవలేకపోతే ఎలా?" అని మాతో అంది.

మోనహన్ నుంచి క్యావన్ పోవడానికి రెండు దారులున్నాయి. కూట్‌హిల్ మీదుగా పోయేది మొత్తం మన వైపే, అంటే డబ్లిన్ ఏలే దక్షిణంలోనే. క్లోనిస్ మీదుగా పోయేది పెద్దరోడ్డు, అందరూ వెళ్ళేది. ఆ రోడ్డు క్లోనిస్ దాటాక ఉత్తరంలోకి పోతుంది, మళ్ళీ మన వైపుకి వస్తుంది, మళ్ళీ పోతుంది, మళ్ళీ వస్తుంది. ఉత్తరం అంటే బెల్‌ఫాస్ట్ ఉన్న వైపు, వేరే దేశం, వేరే రాజ్యం, వేరే చట్టం. కానీ మధ్యలో గేటు లేదు, కంచె లేదు. రోడ్డు అంచున పసుపు గీత తెల్లగీత అవుతుంది, వేగం బోర్డుల మీద కిలోమీటర్లు మైళ్ళవుతాయి. అంతే. ఇక్కడ పుట్టిన మాలో ఎవరం దాన్ని పట్టించుకోం. పాల కోసం ఒక వైపు, పెట్రోలు కోసం ఇంకో వైపు.

దరఖాస్తుదారులు దేశం దాటకూడదని సెకాయికి తెలుసు. దాటితే దరఖాస్తు వదులుకున్నట్టేనని కేంద్రంలో గోడమీద రాసి కూడా ఉంది. ఆ రోడ్డు సంగతి మాత్రం ఆమెకి తెలియదు. డింప్నాకి రోడ్డు సంగతి తెలుసు, గోడమీద రాసింది తెలియదు.

వెళ్ళేటప్పుడు ఏమీ జరగలేదు. క్యావన్‌లో డాక్టరు పన్ను పీకేసి, మత్తుతో మొద్దుబారిన దవడలో దూది కుక్కి, గంటదాకా మాట్లాడొద్దని పంపించాడు. తిరిగొచ్చే దార్లో డింప్నా ఆ పక్కనా ఈ పక్కనా చెయ్యి చూపిస్తూ, చచ్చిపోయిన తన మొగుడు ప్యాకీ కుర్రతనంలో ఈ పొలాలమ్మట పందుల్ని దొంగతనంగా ఎలా దాటించేవాడో చెప్పుకొచ్చింది. సెకాయి దూది నోటితో ఊఁ కొడుతోంది.

మలుపు తిరగ్గానే రోడ్డుపక్కన ఉత్తరం ఇమ్మిగ్రేషన్ వాళ్ళ తెల్ల వ్యాను. ఒకడు చెయ్యెత్తి ఆపాడు. డింప్నా వైపు వంగి చూసి "గుడ్ ఆఫ్టర్‌నూన్" అన్నాడు. అటు తిరిగి సెకాయిని అడిగాడు.

"పాస్‌పోర్టు?"

డింప్నాని ఏమీ అడగలేదు. సెకాయి బ్యాగులోంచి తన దరఖాస్తు కార్డు తీసి ఇచ్చింది.

"ఇది ఇక్కడ చెల్లదు."

"ఇక్కడేంటి, అక్కడేంటి!" అంది డింప్నా. "ఆ గేటు అవతలున్నది మా బావగారి పొలం. అది దక్షిణం. నువ్వు దొడ్డికెళ్ళొచ్చేలోగా రెండు దేశాలు తిరిగొస్తావు బాబూ. పంటి డాక్టరు దగ్గర్నుంచి వస్తున్నాం. చూడు దాని మొహం."

అతను నవ్వలేదు. "దిగండమ్మా," అన్నాడు సెకాయితో. వ్యానులోంచి ఇంకొకామె దిగొచ్చింది. ఎక్కణ్ణించి, ఎప్పుడొచ్చావు, ఎందుకొచ్చావు అని ఆమె అడుగుతోంది. సెకాయి ఏదో చెప్పబోతే మాటలకి బదులు రక్తం కలిసిన ఉమ్ము వచ్చింది. చేత్తో తుడుచుకుంది.

అతను డింప్నా వైపు తిరిగాడు. "ఈవిణ్ణి తీసుకొచ్చింది మీరేనా?"

"అవును, నేనే."

"అనుమతి లేని మనిషిని దేశంలోకి తీసుకురావడం నేరమని తెలుసా మీకు? జైలు శిక్ష ఉంటుంది."

ఆ రోడ్డు మీద సైనికులు తుపాకులు పట్టుకుని నిలబడిన రోజుల్లో డింప్నా చిన్నపిల్ల. ఆ రోజుల భయం అరవై ఏళ్ళొచ్చినా ఒంట్లో అలాగే ఉందని తర్వాత మాకు చెప్పింది.

"తీసుకెళ్తానని మీరన్నారా? ఆవిడ అడిగిందా?"

"తనే అడిగింది," అంది డింప్నా. "పన్ను నొప్పి, తీసుకెళ్ళమని తనే అడిగింది."

వ్యాను పక్కన నిలబడ్డ సెకాయి తలతిప్పి ఆమెని చూసింది. సెకాయిని ఎక్కించుకుని వ్యాను తలుపు మూశారు. డింప్నాని వెళ్ళిపొమ్మన్నారు. కొంచెం ముందుకెళ్ళాక గీత మళ్ళీ పసుపురంగైంది.

వింబాయికి పదహారేళ్ళు. బడి తరఫున ఫుట్‌బాల్ ఆడేది, మాటతీరు అచ్చం మోనహన్ పిల్లే. డింప్నా కేంద్రానికి వెళ్ళేసరికి మెట్లమీద బూట్లకి మట్టి దులుపుకుంటోంది.

"అమ్మేది?"

"ఉత్తరంలో ఉంది."

"ఉత్తరంలోనా? అమ్మకేం పని అక్కడ?"

డింప్నా జరిగింది చెప్పింది. వ్యాను దగ్గర తనన్న మాట మాత్రం చెప్పలేదు.

సెకాయిని సముద్రం ఒడ్డునున్న ఒక నిర్బంధ గృహంలో పెట్టారు. మర్నాడు ఒక అధికారి ఎదురుగా కూర్చుని, "ఇక్కడ ఆశ్రయం అడుగుతున్నారా?" అన్నాడు.

"నేను దక్షిణంలో అడిగాను. వచ్చేవారం ఇంటర్వ్యూ ఉంది. నన్ను తిరిగి పంపించండి, బస్సెక్కి పోతాను."

"అలా కుదరదమ్మా. వాళ్ళు తీసుకుంటామనాలి. మీరు ఇక్కడ అడగకపోతే మీ దేశానికి పంపించే ఏర్పాట్లు మొదలుపెట్టాల్సొస్తుంది."

చివరికి ఆమె, అడుగుతున్నానంది. ఆ ఒక్క మాటతో కింద దక్షిణం వాళ్ళకి పని తేలికైపోయింది. 'అనుమతి లేకుండా దేశం దాటారు, వేరే దేశంలో ఆశ్రయం కోరారు, కనుక మీ దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టు భావిస్తున్నాం' అని కేంద్రానికి కబురొచ్చింది. ఇంటర్వ్యూ రద్దయింది.

డింప్నా మోనహన్‌లో చేపల వేపుళ్ళ కొట్టు పైన ఉండే లాయరు దగ్గరికి వెళ్ళింది. గ్రాన్యా అని, చిన్నపిల్ల, ఇలాంటి కేసులే చూస్తుంది. ఆమె ఓపిగ్గా విడమరిచి చెప్పింది. ఉత్తరం వాళ్ళేమో, ఈవిడ మీ దగ్గర్నుంచి వచ్చింది, మీరే తీసుకోండంటున్నారు. దక్షిణం వాళ్ళేమో, ఆవిడ తనంతట తనే వెళ్ళింది, మీది క్షేమమైన దేశమే కదా, మీరే చూసుకోండంటున్నారు.

"మా ఆయన రోజుల్లో," అంది డింప్నా, "ఒక్క పంది దొరికితే రెండు వైపుల కస్టమ్స్ వాళ్ళూ మాదంటే మాదని కొట్టుకునేవాళ్ళు. ఇప్పుడు మనిషి దొరికితే మీదంటే మీదంటున్నారా!"

గ్రాన్యా నవ్వింది గానీ వెంటనే మానేసింది. "ఉత్తరం వాళ్ళ కాగితాల్లో, కారులో ప్రయాణం ఆవిడ కోరిక మీదే జరిగిందని ఉంది. అది మనకి చాలా ఇబ్బంది."

డింప్నా కుర్చీలో అటూ ఇటూ కదిలింది. "అది నేనన్న మాటే. అబద్ధం. తీసుకెళ్తానన్నది నేను. ఆ రోడ్డున పోనిచ్చిందీ నేనే. సెకాయికి రోడ్డు సంగతే తెలీదు."

లాయరు పెన్ను కింద పెట్టింది. "ఈ మాట ప్రమాణం చేసి రాసిస్తే ఆవిడకి పనికొస్తుందేమో, రాదేమో చెప్పలేను. మీమీదకి మాత్రం కేసు రావచ్చు. ఆలోచించుకోండి."

డింప్నా ఆలోచించుకుంది. ఎన్నాళ్ళంటే, విషయం మా అందరికీ తెలిసిపోయేన్ని రోజులు. టీ తాగే గదిలో ఒకరోజు ఎవరో, "పాపం, వాళ్ళకి రూల్స్ తెలిసే ఉంటాయిలే, అయినా ఎందుకెళ్ళినట్టు!" అన్నారు. డింప్నా కప్పు గట్టిగా బల్లమీద పెట్టి లేచింది. ఆ సాయంత్రమే వెళ్ళి రాసిచ్చింది.

దక్షిణం ఆఫీసు నుంచి జవాబు రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. తెలిసి దాటారా తెలియక దాటారా అన్నది చట్టంలో లేదు, దాటారా లేదా అన్నదే ఉంది, అన్నారు. సెకాయిని బెల్‌ఫాస్ట్‌లో ఒక హోటల్ గదికి మార్చారు. అక్కడ ఆమె దరఖాస్తు మొదటినుంచి మొదలు. వరుసలో చివర.

ఇక వింబాయి సంగతి. తల్లి దగ్గరికి పంపించేద్దామని డింప్నా అంటే గ్రాన్యా వద్దంది.

"అక్కడికెళ్తే ఇద్దరూ వరుస చివరికే పోతారు. ఇక్కడే ఉంటే, తోడెవరూ లేని మైనరు కింద తనే సొంతంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. పద్దెనిమిది నిండకముందే ఆశ్రయం వచ్చిందా, తల్లిని పిలిపించుకునే హక్కు వస్తుంది. సెకాయి ఇటు రావడానికి మిగిలిన దారి అదొక్కటే. అందాకా ఈ పిల్ల ఒక్క అడుగు కూడా అటు వెయ్యకూడదు."

"అంటే, తల్లి కావాలంటే తల్లి లేని పిల్లలా ఉండాలి."

"కాగితం మీద, అవును."

"సరే, నా దగ్గర ఉంచుకుంటా. కాహల్ గది ఖాళీగానే ఉంది."

వింబాయి కూడా సరేనంది. గది గోడకి ఏ రంగు వెయ్యాలని కూడా మాట్లాడుకున్నారు. పిల్లల సంక్షేమం వాళ్ళు ఇల్లు చూడ్డానికొచ్చారు. మంచం చూశారు, వంటిల్లు చూశారు, కుక్క కరుస్తుందా అని అడిగారు. అంతా బాగుందన్నారు. తర్వాత ఫోన్ చేసి కుదరదన్నారు. అనుమతి లేని మనిషిని సరిహద్దు దాటించిన విషయంలో ఆమెమీద ఉత్తరంలో విచారణ నడుస్తోంది కాబట్టి, అలాంటి ఇంట్లో మైనరుని ఉంచలేమన్నారు.

విచారణ మొదలైంది ఆమె రాసిచ్చిన కాగితం వల్లే.

"నిజం చెప్పకుండా ఉండుంటే?" అని డింప్నా అడిగింది.

"ఉండుంటే పిల్లని మీకు ఇచ్చేవాళ్ళేమో," అంది గ్రాన్యా. ఆ పిల్ల లాయరు అబద్ధం చెప్పదని డింప్నా ఆమెని ఎప్పుడూ మెచ్చుకుంటుంది. ఆ రోజు మాత్రం తలుపు విసిరికొట్టి వచ్చేసింది.

వింబాయిని డ్రొహెడాలో ఒక హాస్టల్‌కి పంపించారు. బడి మారింది, ఫుట్‌బాల్ ఆగిపోయింది. తల్లి రోజూ ఫోన్ చేసేది. మొదట్లో గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. తర్వాత్తర్వాత పిల్ల "ఆఁ", "ఊఁ", "సరే"లోకి దిగిపోయింది. డింప్నా ఫోన్‌ని సెకాయి ఎత్తేది కాదు. ఒకసారి ఎత్తి, "కోపం లేదు మాయ్ కాహల్. మాట్లాడ్డానికి ఏమీ లేదు, అంతే," అని పెట్టేసింది.

ఏడాది దాటాక ఆమే ఫోన్ చేసింది. "దాన్ని చూడాలి. సరిహద్దు దాకా నువ్వు తీసుకురా. ఉత్తరం వైపు అంచుకి నేను వస్తా. ఇద్దరం ఎవరి దేశంలో వాళ్ళం నిలబడతాం. దానికి ఏ చట్టమూ అడ్డురాదని మా లాయరుని అడిగాను."

హాస్టల్ వాళ్ళని అడిగి, ఒక ఆదివారం డింప్నా పిల్లని బయటికి తీసుకొచ్చింది. క్లోనిస్ అవతల ఒక సన్నరోడ్డుంది. ఒకచోట తారు రంగు మారుతుంది. ఇటువైపు మనవాళ్ళు వేసింది, అటువైపు వాళ్ళు వేసింది. అదే సరిహద్దు. సెకాయి బెల్‌ఫాస్ట్ నుంచి ఎన్నిస్కిలెన్ వచ్చి, అక్కడ ఇంకో బస్సెక్కి, క్లోనిస్‌కి ముందు ఉత్తరంలోనే ఉన్న ఊళ్ళో దిగిపోయి, అక్కణ్ణించి వానలో నడిచొచ్చింది. క్లోనిస్ ఇంకెంతో లేదు, ఎందుకు దిగుతావని డ్రైవరు అడిగాడట.

అప్పటికి వాన తగ్గింది. సెకాయి సన్నబడింది. పిల్ల పొడుగైంది. తారు మారిన చోటికి ఇద్దరూ దగ్గరగా వచ్చి ఆగిపోయారు.

"జుట్టు అంత పొట్టిగా కత్తిరించుకున్నావేమే?"

"అక్కడ మన జుట్టుకి జడలు వెయ్యడం ఎవరికీ రాదమ్మా."

"నేనుంటే వేసేదాన్ని."

"ఉంటే కదా."

సెకాయి సంచిలోంచి డబ్బా తీసింది. పొద్దునే హోటల్లో ఎవరినో బతిమాలి పొయ్యి సంపాదించి, సద్జా అనే మొక్కజొన్నపిండి ముద్ద, ఆకుకూర వండి తెచ్చింది. చెయ్యి చాపి ఇచ్చింది. వింబాయి అందుకుంది. చల్లారి గట్టిపడిపోయిన ముద్ద తెంపి నోట్లో పెట్టుకుంది. నమిలింది, మింగింది, ఏడవడం మొదలుపెట్టింది. డబ్బా రోడ్డుమీద పెట్టేసి ఒక్కడుగు ముందుకేసింది.

"ఆగు."

"ఎవరూ లేరమ్మా ఇక్కడ."

"ఆ రోజు కూడా ఎవరూ లేరనే అనుకున్నాం. ఆగు, వింబాయీ."

"ఒక్కసారి పట్టుకుని వెళ్ళిపోతా. ఒక్కసారి."

పిల్ల ఇంకో అడుగు వేసి తల్లిమీద పడబోయింది. సెకాయి రెండు చేతులూ పిల్ల గుండెలమీద పెట్టి వెనక్కి తోసింది. మెల్లిగా కాదు. ఉన్న బలమంతా పెట్టి తోసింది. వింబాయి వెనక్కి తూలి, తడి రోడ్డుమీద వెల్లకిలా పడింది. మోచెయ్యి కొట్టుకుపోయింది. పక్కనున్న డబ్బా దొర్లి సద్జా ముద్ద గుంటలోకి పోయింది.

డింప్నా పరుగెత్తుకెళ్ళి పిల్లని లేవనెత్తింది. "పిచ్చెక్కిందా నీకు!" అని సెకాయి మీద అరిచింది.

"దాన్ని ఇక్కణ్ణించి తీసుకుపో," అంది సెకాయి. చేతులు ఇంకా అలాగే ముందుకి చాపి ఉన్నాయి. "నీ పుణ్యమా అని నేనిక్కడున్నా. కనీసం దాన్నైనా అక్కడ ఉండనీ."

అంతకుముందూ ఆ తర్వాతా సెకాయి ఆ మాట ఎత్తలేదు. డ్రొహెడాలో దిగేటప్పుడు వింబాయి, తన మోచేతికి డింప్నా కట్టిన రుమాలు విప్పి ఇచ్చేసింది.

వింబాయి ఇంటర్వ్యూ రెండుసార్లు వాయిదా పడింది. ఒకసారి దుబాసి రాలేదన్నారు. పిల్లకి ఇంగ్లీషు బాగా వచ్చు, దుబాసి అక్కరే లేదు. ఇంకోసారి కారణమేమీ చెప్పలేదు. చివరికి ఆశ్రయం ఇచ్చారు. ఎన్నికల గొడవ నిజమేనన్నారు, తండ్రిని తీసుకుపోవడం నమ్మదగ్గదేనన్నారు, ఆ కుటుంబానికి అక్కడ ప్రాణభయం ఉందన్నారు. అప్పటికి ఆమెకి పద్దెనిమిది నిండి కొద్ది రోజులైంది. తల్లిని పిలిపించుకునే హక్కు మైనర్లకే.

అదే తల్లి, అదే ఎన్నికలు, అదే తండ్రి. ఉత్తరం వాళ్ళు సెకాయి చెప్పింది నమ్మలేదు. అంత భయమున్న మనిషి మొదట అడిగిన దేశాన్ని వదిలి ఎందుకొచ్చింది, అని రాశారు. ఇప్పుడు అప్పీలు నడుస్తోంది. డింప్నా మీద విచారణ మాత్రం ఏ శిక్షా లేకుండా ఎత్తేశారు, ప్రజాప్రయోజనం లేదని.

వింబాయి ఇప్పుడు డండాక్‌లో నర్సింగ్ చదువుతోంది. వారాంతాల్లో ఒక వృద్ధాశ్రమంలో పని. డండాక్ నుంచి బెల్‌ఫాస్ట్ గంట ప్రయాణం. ఆమెతో చదివే పిల్లలు సినిమాలకి, బట్టలకి వెళ్ళొస్తుంటారు. ఆశ్రయం పొందినవాళ్ళు అటు వెళ్ళాలంటే వీసా ఉండాలి. పెట్టుకుంది. సెలవులకి కాహల్ గదిలోనే ఉంటోంది కాబట్టి జవాబు డింప్నా ఇంటి చిరునామాకి వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని డింప్నాయే చదివింది.

"మీ తల్లి ఇక్కడే ఉన్నందున, గడువు ముగిశాక మీరు తిరిగి వెళ్తారన్న నమ్మకం మాకు కలగలేదు."

రెండోసారి మళ్ళీ చదివింది. కళ్ళజోడు తీసేసింది. ఏమైనా అంటుందేమోనని పిల్ల వైపు చూసింది.

వింబాయి పొయ్యి దగ్గర తన యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. కాలరు తిరగేసి ఆ వైపు కూడా చేసింది.

"మళ్ళీ పెడతాను," అంది. "ఊళ్ళో వీసా ఫోటోలు ఎక్కడ తీస్తారు? పోయినసారి తీసినవాడు కొట్టు మూసేశాడు."